కింద ఎందుకు చింద కాలేదు?

రెండు నెలల కిందట ఈ శీర్షికలో మా పాత పోస్టుకార్డుల ఆట గురించి రాశాను. పర్లాకిమిడిలో ఉండే నా స్నేహితురాలూ, విజయనగరంలో ఉండే నేనూ కలిసి లేని భాష ఒకటి కల్పించుకున్నాం. దానికి కొన్ని మాటలు పెట్టుకున్నాం. ఆపైన కార్డుకు ఒకటి చొప్పున ఆ మాటల్లోని ధ్వనులను మార్చుకుంటూ పోయాం. ఒక కార్డు ఆమెది, ఒక కార్డు నాది. ఈ సంగతి నాలుగు వాక్యాల్లో చెప్పి ఊరుకున్నాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను.

*

ప్రశ్న: మేం డిగ్రీ చదువుతున్న నలుగురు స్నేహితులం. మీరు రాసింది చదివి మేమూ మొదలుపెట్టాం. 120 మాటలతో ఒక మూలభాష తయారు చేశాం. వారానికి ఒకరు ఒక ధ్వని మార్పు చేయాలని ఒప్పందం. మూడో వారానికే తగాదా వచ్చింది. ఒకడు 'క'ను 'చ'గా మార్చాడు కానీ తనకు ఇష్టమైన మాటలను మాత్రం ముట్టుకోలేదు. ఇంకొకడు మాటల చివరి అచ్చులన్నీ తీసేశాడు. దాంతో వేరువేరు మాటలు ఒకేలా అయిపోయాయి. వెనక్కి వెళ్ళి సరిచేసుకుందామని ఇద్దరు, వద్దని ఇద్దరు. ఎవరిది న్యాయం?
— ఒక విద్యార్థి, పాలకొండ

జవాబు: ఇష్టమైన మాటలను దాచుకున్న స్నేహితుడి సంగతి ముందు చూద్దాం. ఆయన మీద కోపం తెచ్చుకోకండి. మొదటిసారి ఈ ఆట ఆడిన ప్రతివాళ్ళకూ చేతులు రావు. ఎంతో ఇష్టపడి కూర్చుకున్న మాట కళ్ళముందే రూపం మారిపోతుంటే బాధగానే ఉంటుంది. కానీ ధ్వని మార్పుకు మాట అర్థంతో పని లేదు, అందంతో అసలే లేదు. అది చూసేది ఒక్కటే: నా పక్కన ఏ ధ్వని ఉంది? అంతవరకే.

మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో పెద్ద చెరువు ఉంది. ఈ 'చెరువు'ను కన్నడంలో 'కెరె' అంటారు. మన 'చెవి' వాళ్ళకు 'కివి'. మన 'చేయి' వాళ్ళకు 'కై'. మన 'చిలుక' తమిళంలో 'కిళి'. తెలుగు ఎప్పుడో చాలా పాత కాలంలో ఇ, ఎ అనే అచ్చుల ముందున్న 'క'ను 'చ'గా మార్చుకుంది. ఆ అచ్చులు పలకడానికి నాలుక ముందుకు, అంగిలి వైపు లేస్తుంది. 'క' పలికే చోటు గొంతు దగ్గర. రాబోయే అచ్చు కోసం నాలుక ముందే సిద్ధమవుతూ పోతే 'క' కూడా ముందుకు జరిగి 'చ' అవుతుంది. దీన్నే తాలవ్యీకరణం అంటారు. చెరువు, చెవి, చేయి, చిలుక: నీళ్ళు, ఒంట్లో భాగాలు, పక్షి. వాటి మధ్య ఏ చుట్టరికమూ లేదు. ఒక్క 'క', దాని పక్కన ఒక్క అచ్చు, అదే వాటికి ఉమ్మడి.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1870లలో కొందరు యువ పండితులు ఇదే మాటను గట్టిగా చెప్పారు. ధ్వని సూత్రాలకు మినహాయింపులు ఉండవన్నారు. మినహాయింపు కనిపిస్తే దాని వెనుక మనకు ఇంకా తెలియని కారణం ఉంటుందన్నారు. ఆ కారణం వెతకడంలోనే ఈ ఆటలోని ఆనందమంతా ఉందని నేను నమ్ముతాను.

ఇక్కడ మీరు నన్ను నిలదీయవచ్చు. మరి 'కింద' ఎందుకు 'చింద' కాలేదు? 'క' పక్కన 'ఇ' ఉంది కదా?

నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది. నేను బడిలో తెలుగు చెప్పిన రోజుల్లో ఏటా ఒక్కసారైనా నల్లబల్ల మీద రాసేదాన్ని. పాత పుస్తకాల్లో ఈ మాట 'క్రింద'. తమిళంలో కిందిభాగాన్ని 'కీఴ్' అంటారు. ఆ చివరి ఴ నాలుకను వెనక్కి మడిచి పలికే ధ్వని. తెలుగులో ఇలా నాలుక కొనతో పలికే ధ్వనులు కొన్ని మాటల్లో ముందుకు జరిగాయి. తమిళ 'ఉరల్' మనకు 'రోలు' అయిందీ, 'ఇరండు' 'రెండు' అయిందీ ఇలాగే. 'కీఴ్'కు చుట్టమైన మన మాటలో ఆ ధ్వని ముందుకు వచ్చి 'క'ను ఆనుకుని నిలబడింది, తర్వాత 'ర' అయింది. 'క'కూ 'ఇ'కీ మధ్య గోడ లేచింది. 'క'ను 'చ' చేసే మార్పు అటుగా వచ్చినప్పుడు దానికి 'క' పక్కన 'ఇ' కనిపించలేదు, ఆ గోడ కనిపించింది. వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వందల ఏళ్ళకు ఇంకో మార్పు వచ్చింది. హల్లు కింద ఉన్న రకారం జారిపోయింది. క్రొత్త కొత్త అయింది, ప్రాత పాత అయింది, త్రాడు తాడు, గ్రుడ్డు గుడ్డు. అదే వరసలో క్రింద కింద అయింది. ఇప్పుడు 'క' పక్కన 'ఇ' వచ్చి చేరింది. కానీ 'క'ను 'చ' చేసే కాలం ఎప్పుడో గడిచిపోయింది. గోడ కూలేసరికి దొంగలు ఊరు దాటారు. అందుకే మనం ఇవాళ చాపను 'కింద' పరుస్తున్నాం.

'కిటికీ' సంగతి వేరు. అది హిందీ 'ఖిడ్‌కీ' వైపు నుంచి మన ఇంటికి ఆలస్యంగా వచ్చిన చుట్టం. అది వచ్చేసరికి మార్పు ముగిసింది. మీ స్నేహితుడు కొన్ని మాటలను కాపాడుకోవాలనుకుంటే దారి ఇదే: ఆ మాటలు మార్పు అయిపోయాక పొరుగు భాష నుంచి వచ్చాయని రాసుకోవాలి. అప్పుడు ఆ పొరుగు భాష ఎవరిది, వాళ్ళతో వీళ్ళకు ఏం పని పడింది, ఏ సరుకు కొన్నారు, ఇదంతా ఆలోచించాల్సి వస్తుంది. ఆలోచించనివ్వండి.

ఇంకో మాట కూడా చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినదాన్ని అవుతాను. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1978లో ప్రచురించిన ఒక వ్యాసంలో, మన కొండల్లో వినిపించే కువి, కుయి, కొండ వంటి భాషలను పరిశీలించి, 'రోలు'లో చూసిన ఆ జరుగుడు అన్ని మాటలనూ ఒక్కసారిగా పట్టలేదని చూపించారు. అది ఒక మాట నుంచి ఇంకో మాటకు మెల్లగా పాకింది, కొన్ని చోట్ల ఇంకా పాకుతూనే ఉంది. అంటే సగం మాటలు మారి సగం మారని స్థితి నిజమైన భాషల్లోనూ ఉంటుంది. కాకపోతే ఆ సగం ఎవరి ఇష్టాన్ని బట్టీ తేలదు. మీ పట్టికలో ఆ మార్పు సగంలో ఉందని రాసి, మిగిలిన సగాన్ని తర్వాతి ఆటగాడికి వదిలేయండి.

ఇక రెండో తగాదా. దీనికి మా కార్డుల కథే చెప్పాలి.

మా భాషలో నీరు 'తపకి', నిప్పు 'తపకు'. రెండు అచ్చుల మధ్య ఉన్న 'ప' 'వ' అవుతుందని నేను కార్డు రాశాను. తవకి, తవకు. బాగానే ఉంది. ఆమె నుంచి జవాబు వచ్చింది: మాట చివరి పొట్టి ఇ, ఉ పోతాయి. నేను బడి నుంచి వచ్చేసరికి కార్డు గుమ్మంలో పడి ఉంది. చెప్పులు విప్పకుండానే చదివాను. తవక్, తవక్. నీరూ నిప్పూ ఒకటైపోయాయి. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. రాత్రి కూర్చుని పెద్ద ఉత్తరం రాశాను: నీ మార్పుకు ముందే ఇంకో మార్పు జరిగిందనుకుందాం, 'ఇ' ముందున్న 'క' 'చ' అయిందనుకుందాం. అప్పుడు తవకి తవచి అవుతుంది, చివరి అచ్చు పోతే తవచ్. నిప్పు మాత్రం తవక్. రెండూ విడిగా ఉంటాయి, దయచేసి ఒప్పుకో.

ఆమె ఒప్పుకోలేదు. "జరిగిపోయినదాన్ని మార్చే హక్కు మనిద్దరికీ లేదు. ఆ మనుషులు ఇప్పుడు దాహం వేస్తే ఏమని అడుగుతారో అది ఆలోచించు" అని రాసింది. వారం రోజులు కోపంగా ఉన్నాను. తర్వాత ఆలోచించాను. దాహం వేసినవాడు 'చల్లని తవక్' అంటాడు, చలి వేసినవాడు 'వేడి తవక్' అంటాడు. మాకు చల్లన 'సల', వేడి 'మిర'. సలతవక్, మిరతవక్. తర్వాతి కార్డులో అచ్చుల మధ్య 'త' 'ద' అయింది. సలదవక్, మిరదవక్. మూడు నెలలకు అవి అతుకు కనిపించని మాటలైపోయాయి. మా భాషలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట సలదవక్. నా సవరణ నెగ్గి ఉంటే అది పుట్టేది కాదు.

మాండరిన్ చైనీసులో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. పాత కాలంలో మాటల చివర ఉన్న ప, త, క ధ్వనులు రాలిపోయాయి. ఒకేలా వినిపించే మాటలు పెరిగాయి. ఇవాళ ఆ భాషలో రెండేసి మాటలను కలిపిన జంటలు అంత విరివిగా ఉండడానికి ఇదీ ఒక కారణం.

కాబట్టి నేను వెనక్కి వెళ్ళవద్దన్న ఇద్దరి పక్షం. మార్పు ఎప్పుడు చేశారో తేదీ వేసి, ఏ ధ్వని ఏ ధ్వనుల మధ్య ఏమవుతుందో ఒక్క వాక్యంలో రాసి, నలుగురూ ఎవరి పుస్తకంలో వాళ్ళు 120 మాటలనూ చేత్తో మార్చండి. తర్వాత సరిచూసుకోండి. ఎవరి పట్టికలోనైనా తేడా వస్తే మీ వాక్యం సరిగా రాయలేదని అర్థం.

*

ప్రశ్న: ఒకే మూలభాష నుంచి రెండు వేరువేరు భాషలు పుట్టించాలంటే మార్పులు పూర్తిగా వేరుగా ఉండాలా?
— ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: కొన్ని ఉమ్మడిగా ఉండాలి, లేకపోతే అక్కచెల్లెళ్ళని పోల్చుకోలేం. ఇందాకటి ఴ ధ్వనినే తీసుకోండి. తమిళంలో అది నిలిచింది. తెలుగులో చాలా మాటల్లో 'డ' అయింది, కన్నడంలో 'ళ' అయింది. మనకు ఏడు, కోడి. వాళ్ళకు ఏళు, కోళి. ఒకే పేరు తమిళనాట చోళులనీ, మన రేనాట చోడులనీ రెండు రూపాల్లో కనిపించడానికి మూలం ఈ ధ్వనే. అలాగే కన్నడంలో మాట మొదటి 'ప' 'హ' అయింది. పాలు హాలు, పులి హులి, పల్లె హళ్ళి. మనం దాన్ని ముట్టుకోలేదు.

కల్పిత భాషల్లో ఈ పనిని అందరికంటే ఓపికగా చేసినవాడు ఇంగ్లండు ఆచార్యుడు టోల్కీన్. ఆయన మూలభాషలో చెట్టు 'గలదా'. ఒక బిడ్డ భాష క్వెన్యాలో మొదటి 'గ' పోయి, నడిమి అచ్చు నలిగి 'అల్దా' అయింది. ఇంకో బిడ్డ సిందారిన్‌లో చివరి అచ్చు పోయి, 'ద' మెత్తబడి 'గలధ్' అయింది. ఆ చివరి ధ్వని ఇంగ్లీషు 'దిస్' మొదట్లో వినిపించే ధ్వని. రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకరిది నునుపు, ఒకరిది బరువు. అయినా ఒకే కడుపున పుట్టాయని చెవికి తెలుస్తుంది. మీరు ముందు రెండు మూడు మార్పులు ఉమ్మడిగా చేసి, ఆ తర్వాత నది అడ్డం వచ్చిందనో కొండ అడ్డం వచ్చిందనో చెప్పి విడదీయండి.

*

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. సాయంత్రం పుస్తకం తెరిస్తే అందులో పాఠాలు ఉండవు, బాణం గుర్తులూ, అర్థం కాని మాటలూ ఉంటాయి. ముగ్గురు స్నేహితులతో కలిసి భాష తయారు చేస్తున్నాడట. ఉన్న భాషలే రావడం లేదు, కొత్తది ఎందుకు? మాన్పించే మార్గం చెప్పండి.
— ఒక తల్లి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, మాన్పించే మార్గం నేను చెప్పలేను, చెప్పను కూడా. పరీక్షల ముందు రెండు నెలలు పుస్తకం బీరువాలో పెట్టమని చెప్పండి, అది న్యాయం. ఇందులోంచి ఉద్యోగం వస్తుందని కూడా నేను మీకు ఆశ పెట్టను.

ఒక్క పని చేసి చూడండి. భోజనాలయ్యాక ఆ పుస్తకం తెచ్చి చూపించమనండి. 'ఈ బాణం ఏమిటి నాన్నా?' అని అడగండి. బాణానికి ఎడమవైపు పాత ధ్వని, కుడివైపు కొత్త ధ్వని ఉంటాయి. తర్వాత ఒక గీత, ఆ గీత పక్కన ఆ మార్పు ఎక్కడ జరుగుతుందో ఉంటుంది. అతను పది నిమిషాలు చెప్పాక మీ ఊరి పేరు అడగండి. తెల్లవాళ్ళు శ్రీకాకుళాన్ని చికాకోల్ అని రాసుకున్నారు. 'శ్రీ' 'చి' ఎలా అయింది, చివరి 'ళం' ఎటు పోయింది, మీ అబ్బాయి ఏమంటాడో వినండి. ఆ జవాబు నాకూ రాసి పంపండి, వచ్చే సంచికలో వేస్తాను.

'ఉన్న భాషలే రావడం లేదు' అన్నారు. ఉన్న భాషను లోపలి నుంచి చూడడం ఈ ఆటలోనే అలవడుతుంది. 1931లో టోల్కీన్ తన ఈ అలవాటును ఒక ప్రసంగంలో రహస్య వ్యసనం అని చెప్పుకున్నాడు. సరిగ్గా అదే ఏడాది మద్రాసులో గిడుగు రామమూర్తి పంతులుగారి సవర భాషా వ్యాకరణ గ్రంథం అచ్చయింది. పంతులుగారు పుట్టిన పర్వతాలపేట మీ జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవరలు మాట్లాడేది వినడానికి సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టి ఆ భాష నేర్చుకున్నారు. ఆయనది ఉన్న భాష, వీళ్ళది లేని భాష, ఆ తేడా నాకు తెలుసు. కానీ రెండు పనుల్లోనూ చెవిని పెట్టే తీరు ఒకటే.

*

ప్రశ్న: నేను సీతంపేట ప్రాంతంలో ఉపాధ్యాయుణ్ని. పిల్లలతో ఈ ఆట ఆడిస్తున్నాను. కొందరు పిల్లల ఇంటి భాష సవర. మిగతా పిల్లలు తమ కల్పిత భాషలో సవర ధ్వనులు పెడతామంటున్నారు. పెట్టవచ్చా?
— ఒక ఉపాధ్యాయుడు

జవాబు: పెట్టవచ్చు, ఆ ధ్వనులు పలకడం సవర పిల్లల దగ్గరే నేర్చుకోవాలి. ఆ ఒక్క గంట వాళ్ళు గురువులు కావాలి. సవరలో ఊపిరిని గొంతులో ఠక్కున ఆపి పలికే ధ్వని ఉంది. తెలుగు పిల్లలు దాన్ని మొదట వినలేరు కూడా. సవర ముండా కుటుంబపు భాష. దూరపు చుట్టరికంలో వియత్నాం భాషా దాని బంధువే. నామవాచకాన్ని క్రియ తనలోకి లాక్కుని ఒకే మాటగా చేసేయడం దానికి అలవాటు. దానికి 1936లో మంగేయి గొమాంగో కల్పించిన సొంత లిపి కూడా ఉంది. ఇవన్నీ పిల్లలకు చెప్పండి.

ఒక్కటి మాత్రం వద్దు. కథల్లో క్రూరులకూ, అడవి మనుషులకూ ఒక భాష కావాల్సి వస్తే కరకు హల్లులు గుప్పించి పెడుతుంటారు. మీ తరగతిలో ఆ పని జరగనివ్వకండి. ఆ బల్లల మీద కూర్చున్న పిల్ల సాయంత్రం ఇంటికి వెళ్ళి వాళ్ళ అవ్వతో ఆ ధ్వనులతోనే మాట్లాడుతుంది.

*

ప్రశ్న: మార్పులను వరసగా అమలు చేసే కంప్యూటర్ ప్రోగ్రాములు ఉన్నాయట. వాడమంటారా?
— ఒక పాఠకుడు, రాజాం

జవాబు: మొదటి పది మార్పుల వరకు వద్దు. చేత్తో రాస్తేనే ఏ మాట ఎక్కడ విరిగిందో కంటపడుతుంది. మాటలు వెయ్యి దాటాక వాడుకోండి.

*

ప్రశ్న: మీ పోస్టుకార్డుల భాష చివరికి ఏమైంది?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఇద్దరికీ పిల్లలు పుట్టాక కార్డులు ఆగిపోయాయి. మొత్తం 43 కార్డులు. నావి నా దగ్గర లేవు, ఆమె దగ్గర ఉన్నాయి. ఆమెవి బియ్యం డబ్బా మీది అరలో ఒక రేకు పెట్టెలో ఉన్నాయి.

రెండు నెలల కిందటి సంచిక ఆమెకు పంపాను. పోయిన మంగళవారం కార్డు వచ్చింది. చేతిరాత కాస్త వణికింది కానీ పద్ధతి మారలేదు: తేదీ, మార్పు, కింద ఒక ఉదాహరణ. మాట మొదటి 'స' 'హ' అవుతుందట. చాలా భాషలు నడిచిన దారే అది. సంస్కృతంలో 'సప్త', పారసీకంలో 'హఫ్త్'. మనం వారానికి 'హఫ్తా' అన్నప్పుడు పలికేది ఆ 'హ'నే.

సలదవక్ ఇప్పుడు హలదవక్. మూడు రోజులుగా వంటింట్లో పలికి చూస్తున్నాను. ఇప్పుడు వంతు నాది. మాట నడుమ 'వ'ను ఏం చేయాలా అని ఆలోచిస్తున్నాను. హలదౌక్ చేద్దామని ఉంది. అలా చేస్తే వేడి తవక్ కూడా మిరదౌక్ కావాలి, పట్టికలో ఉన్న మిగతా 'వ'లన్నిటినీ చూడాలి. ఇంకా కార్డు రాయలేదు.